బోర్డ్ గేమ్స్ మీట్‌కి వెళ్ళాలా, మానాలా? బెజవాడ, గుంటూరు వాళ్ళు చెప్పండి

గవ్వలపిచ్చి
ఈ 2022 సంక్రాంతి అయ్యాక బెజవాడలో రెండు రోజులు బోర్డ్ గేమ్స్ మీట్ పెడుతున్నారు. లబ్బీపేటలో చిన్న ఏసీ హాలు, నలభై మంది దాకా వస్తారట. నాకు రెండు డోసులూ అయ్యాయి గానీ ఇంట్లో నాన్నకి షుగర్. ఈ ఒమిక్రాన్ గోల చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. పాచికలు, ముక్కలు (కార్డులు) అందరూ పట్టుకుంటారు కదా, అదే నా భయం. కరోనా టైంలో ఇలాంటివాటికి వెళ్ళినవాళ్ళు ఉంటే ఎలా జరిగిందో చెప్పండి.

అరండల్‌పేట ఆటగాడు
మొన్న అక్టోబరులో గుంటూరులో మేం పద్దెనిమిది మందిమి కలిశాం. నీలాగే మాకూ భయమంతా ముక్కల మీదే. టేబుల్‌కో శానిటైజర్ సీసా పెట్టాం. ఒకడు అత్యుత్సాహంతో ముక్కల మీదే స్ప్రే కొట్టేశాడు. రంగు వదిలి వేళ్ళకంటింది, ఆరాక అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. మూడు వేలు పెట్టి కొన్న ఆట! పారేయడానికి మనసొప్పక ఆ పెట్టె ఇంకా బీరువాలోనే ఉంది. ప్లాస్టిక్ స్లీవులు తొడిగిన ముక్కలకి మాత్రం ఏం కాలేదు.

ఇక మాస్కులు. మాఫియా అనే ఆట ఆడేటప్పుడు ఎదుటివాడి మొహం చూసే కదా అబద్ధం పట్టుకునేది? సగం మొహం కనపడకపోయేసరికి, ఎప్పుడూ మొదటి రౌండులోనే దొరికిపోయే మా బావ వరసగా మూడు ఆటలు గెలిచాడు. కళ్ళజోడు వాళ్ళకి అద్దాలు మసకేసి ముక్క మీద రాసింది కనపడదు. మాట వినపడక అందరం గొంతు పెంచాం, పెంచేకొద్దీ మాస్కులు గడ్డం కిందికి జారాయి.

అసలు కొంప ముంచింది టీ. మిర్చిబజ్జీలు రాగానే పద్దెనిమిది మందీ ఒకేసారి మాస్కులు తీసేసి, ఒకే బల్ల చుట్టూ చేరి, తలుపులేసిన ఏసీ గదిలో అరగంట కబుర్లు. నాలుగో రోజుకి ఐదుగురికి పాజిటివ్. వాళ్ళు ఒకే ఆట ఆడినవాళ్ళు కూడా కాదు, బజ్జీల దగ్గర పక్కపక్కన నిలబడ్డవాళ్ళు. అందరికీ జ్వరం, ఒళ్ళునొప్పులతోనే పోయింది, అదృష్టం.

బందరుకాలువ
మాకు కరోనాకంటే వాచ్‌మన్‌తో పెద్ద గొడవైంది. తలుపులు వేసి, మొహాలకి మాస్కులు, పది మంది చేతుల్లో ముక్కలు. పేకాటే అనుకుని అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మేం ఆడుతున్నది కతాన్ అనే బోర్డ్ గేమ్. "ఇవి గొర్రెలండీ, ఇవి ఇటుకలండీ, గొర్రెలిచ్చి ఇటుకలు తీసుకుంటామండీ" అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన ఇప్పటికీ నమ్మలేదు.

ల్యాబ్‌లో ఉంటా
గవ్వలపిచ్చి గారూ, ముక్కల సంగతి అంత పట్టించుకోకండి. వైరస్ ఉన్న వస్తువును ముట్టుకుంటే అంటుకునే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికంటే తక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. అడగాల్సింది హాలుకి కిటికీలున్నాయా అని. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది, బయట గాలి లోపలికి తేదు. గుడ్డ మాస్కు కాకుండా ఎన్95 పెట్టుకోండి.

ఉండవల్లి అక్క
మా తమ్ముడు అమెరికాలో జెన్ కాన్ అనే పెద్ద బోర్డ్ గేమ్స్ మేళాకి వెళ్ళాడు, ఇండియానాపొలిస్‌లో జరిగేది. 2020లో ఆన్‌లైన్లోనే పెట్టారు. ఏటా ఆగస్టు ప్రాంతంలో చేసేదాన్ని 2021లో సెప్టెంబరు 16–19కి జరిపి, టికెట్లు తగ్గించి, లోపల మాస్కు తప్పనిసరి చేశారు. వాడు మాత్రం తిండికి ప్రతిసారీ బయటికెళ్ళి ఫుట్‌పాత్ మీద కూర్చుని తిన్నాడట. ఏమీ కాలేదు.

గట్టిగా చెప్తా
నాన్నకి షుగర్ అంటున్నావు, మానెయ్ బ్రదర్. 2020 లాక్‌డౌన్‌లో మేం వీడియో కాల్‌లో అష్టాచమ్మా ఆడాం, రెండిళ్ళలో రెండు చోట్ల గళ్ళు గీసుకుని. మా అమ్మమ్మ గవ్వలు కెమెరాకి కనపడకుండా వేసి "అష్టా పడింది" అనేది. పోనీలే అని ఎనిమిది గళ్ళు జరిపేవాళ్ళం.

గవ్వలపిచ్చి
అమ్మమ్మకి దండం! మీట్ పెట్టేవాళ్ళకి ఫోన్ చేశా. హాలుకి కిటికీలున్నాయి గానీ ఏసీ కోసం సీలు వేసేశారట. మేడ మీద షామియానా వేయమంటే ఒప్పుకున్నారు. జనవరి 18 నుంచి రాత్రి 11కి కర్ఫ్యూ కాబట్టి సాయంత్రం ఏడింటికల్లా ముగిస్తామన్నారు. ఒక్క రోజే వెళ్తా, టీ ఇంటికొచ్చాకే. వచ్చాక నాలుగైదు రోజులు పైగదిలో పడుకుంటా, నాన్న దగ్గరికి వెళ్ళను.

బందరుకాలువ
మేడ మీదంటే కృష్ణ గాలికి ముక్కలన్నీ పక్కింటి డాబా మీదుంటాయి గురూ.

అరండల్‌పేట ఆటగాడు
బైండర్ క్లిప్పులు నా దగ్గర రెండు డజన్లున్నాయి, తెస్తా. శానిటైజర్ మాత్రం నన్నడక్కండి.