‘లీనమై’ వెనక్కి చేరాలా, ముందుకా? పోతన పద్యం, ప్రకృతిలోని నాలుగు బలాలు

గుణుపురం నుంచి:
పెద్దలందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం సంక్రాంతి సంచికకు ఒక వ్యాసం రాస్తున్నాను. గురుత్వం, విద్యుదయస్కాంతం, ప్రబల కేంద్రక బలం, దుర్బల కేంద్రక బలం, ఈ నాలుగూ మూలంలో ఒక్కటేనా అన్నది విషయం. మొదట్లోనే పోతనగారి భాగవతం గజేంద్ర మోక్షంలోని ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై’ పద్యం పెడదామనుకుంటే రెండో పాదం దగ్గర పెన్ను ఆగిపోయింది. నా నోటికి ‘ఎవ్వనియందు నుండు’ అని వస్తోంది. మా అమ్మ ‘ఎవ్వనియందు డిందు’ అని చదివేది. ఏది సరైన పాఠం? ఇంతకంటే పెద్ద చిక్కు మొదటి పాదం చివర ఉన్న ‘లీనమై’తో వచ్చింది. అది వెనక్కి వెళ్ళి ‘లోపల నుండు’తో కలవాలా, ముందుకు వచ్చి ‘డిందు’తో కలవాలా? దాన్నిబట్టి నా వ్యాసం దారే మారిపోతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
‘డిందు’ అమ్మా, సందేహం పెట్టుకోకు. గణాలు చూస్తే మాత్రం తేలదు. ‘యందు డిం’, ‘యందు నుం’ రెండూ రగణాలే, ఉత్పలమాలలో రెండూ హాయిగా ఇమిడిపోతాయి. నోళ్ళలో పాఠం జారిపోయింది అందుకే. అర్థంతోనే తేల్చుకోవాలి. పుట్టుకకు ‘జనించు’, ఉనికికి ‘లోపల నుండు’, లయానికి ‘డిందు’. తైత్తిరీయోపనిషత్తులో ‘యతో వా ఇమాని భూతాని జాయంతే’ దగ్గర మొదలయ్యే వరసే ఇది. రెండోసారి కూడా ‘నుండు’ అన్నామంటే ఉనికి రెండుసార్లు వస్తుంది, లయం ఎగిరిపోతుంది. పోతన మాటను అలా వృథా చేయడు. డిందడమంటే అణగడం, కుంగడం, నశించడం. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి వాడుక భాష కోసం ఎంతైనా వాదిస్తాను గానీ, ఈ పాత మాటను మాత్రం వదులుకోలేను.

బరంపురం నుంచి:
మాస్టారూ, ‘డిందు’ వరకు నేను మీతోనే. అయితే మూలం కూడా చూడాలి. సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో ఉన్నది ‘యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయమ్’. ఎవనిలో, ఎవని నుంచి, ఎవనిచేత, ఎవడే తానుగా. అన్నీ విభక్తులే, ఒక్క క్రియ లేదు. లయం అనే మాట అసలే లేదు. అంటే ‘లీనమై’, ‘డిందు’ రెండూ పోతన సొంతంగా తెచ్చుకున్నవి. తెచ్చుకుని పక్కపక్కనే పెట్టాడు: ‘లీనమై యెవ్వనియందు డిందు’. ఆ ‘యె’ను గమనించండి. పాదం విరిగినా యడాగమం వచ్చింది, ఊపిరి ఆగకుండా కిందికి పారింది. లీనమయ్యాకే డిందుతుంది. కాబట్టి ముందుకే కలపాలంటాను.

పర్లాకిమిడి మాస్టారు:
‘యె’ను సాక్షిగా నిలబెడితే చెల్లదు. మూడో పాదం మొదట ‘బెవ్వడు’ ఎలా వచ్చింది? ‘మూలకారణంబు’లోని ‘బు’ విరిగి కింద పడింది. నాలుగో పాదంలో ‘డెవ్వడు’ కూడా అంతే. పాదాల మధ్య సంధి పద్యం నడకకు సంబంధించింది, అన్వయానికి కాదు. జగము ఎవ్వని లోపల లీనమై ఉండునో, అని వెనక్కి కలిపితేనే వాక్యం నిలబడుతుంది.

రాయగడ నుంచి:
కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి, నా వైపు నుంచి ఒక మాట. ‘లీనమై డిందు’ అంటే ఒకటి ఇంకోదాంట్లో కలిసి లేకుండా పోవడం. ‘లీనమై ఉండు’ అంటే ఐక్యం ఇప్పుడూ ఉంది, కనపడటం లేదంతే. గ్లాషో 1961లో, వైన్‌బర్గ్ 1967లో, సలాం 1968లో కట్టిన సిద్ధాంతం ఈ రెండో రకం. విద్యుదయస్కాంత బలం, దుర్బల బలం ఒకే సౌష్ఠవం (సిమెట్రీ) కింద నడుస్తాయి. ఆ సౌష్ఠవం ఎక్కడికీ పోలేదు, సమీకరణాల్లో చెక్కుచెదరకుండా ఉంది. మనముండే చల్లారిన విశ్వంలో మాత్రం దాగిపోయింది. విద్యుదయస్కాంత బలాన్ని మోసే కాంతి కణం ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేదు. దుర్బల బలాన్ని మోసే దాని తోబుట్టువులు డబ్ల్యూ, జెడ్ కణాలు ప్రోటాన్‌కంటే సుమారు 86 రెట్లు, 97 రెట్లు బరువు. అంత తేడా ఉన్నవి ఒక ఇంటివని పైకి చూసి ఎవరనుకుంటారు? 1973లో సెర్న్‌లో తటస్థ ప్రవాహాలు, అంటే జెడ్ కణం ద్వారా జరిగే దుర్బల చర్యలు, దొరికాయి, 1983లో ఆ బరువు కణాలే దొరికాయి, 2012లో వాటికి బరువునిచ్చే క్షేత్రపు హిగ్స్ కణం కూడా దొరికింది.

సంస్కృతంలో ‘లీ’ ధాతువుకు అర్థం శ్లేషణం, అంటే అంటిపెట్టుకోవడం. కొమ్మల్లో నిలీనమైన పక్షి కరిగిపోలేదు కదా, ఆకుల చాటున ఉంది. మాస్టారి అన్వయానికే నా ఓటు, వ్యాకరణం కోసం కాకపోయినా.

జయపురం నుంచి:
రాయగడ బాబాయ్, ‘లీ’కి మీరు చెప్పిన అర్థం ధాతుపాఠంలోదే. కానీ మాట బతికేది నోళ్ళలో. మా ఇళ్ళల్లో తెలుగు, బళ్ళో ఒడియా. పూరీ కథల్లో భక్తుడు స్వామిలో ‘లీన హేలే’ అన్నారంటే ఇక ఆ మనిషి విడిగా లేడనే అర్థం. చాటున నక్కి ఉన్నాడని ఎవరూ అనుకోరు. తెలుగు హరికథల్లోనూ ఇంతే కదా.

గుణుపురం అక్కా, వ్యాసంలో జోగేశ్ పతి పేరు తప్పకుండా రావాలి. పుట్టింది మన ఒడిశాలోనే, బారిపదలో. రావెన్‌షా కాలేజీలో చదివారు. సలాంతో కలిసి 1974లో, ఎలక్ట్రాన్ లాంటి లెప్టాన్‌లను క్వార్క్‌ల నాలుగో రంగుగా చూడొచ్చని ప్రతిపాదించారు. ప్రోటాన్ లోపలుండే క్వార్క్‌లను ప్రబల బలం పట్టుకునే ఆవేశానికి ‘రంగు’ అని పేరు, అవి మూడు. వాటి పక్కన నాలుగోది! ఎలక్ట్రాన్, క్వార్క్ ఒకే కుటుంబమన్న ఆలోచన మన ఒడిశా కుర్రాడికి తట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

గుణుపురం నుంచి:
పతిగారి పేరు ఉంటుంది తమ్ముడూ. నా ఇబ్బంది ఇంకోచోట ఉంది. గ్లాషో, వైన్‌బర్గ్, సలాం చేసింది నిజంగా ఐక్యమేనా? ఆ సిద్ధాంతంలో రెండు బలాలకూ వేర్వేరు సంధాన స్థిరాంకాలున్నాయి (బలం ఎంత గట్టిదో చెప్పే సంఖ్యలు). అవి ఏ పాళ్ళలో కలుస్తాయో చెప్పే కోణాన్ని సిద్ధాంతం ఇవ్వదు, కొలిచి తెచ్చి పెట్టాలి. దాని సైన్ వర్గం సుమారు 0.23. మార్గరెట్ మారిసన్ అనే తత్వవేత్త అభ్యంతరం ఇక్కడే. ఇది ఒకదాన్ని ఇంకోదాంట్లోకి కరిగించడం కాదు, ఒకే గణిత నిర్మాణంలో రెండింటినీ కూర్చడం, అంటారు ఆమె. అలాంటప్పుడు ‘లీనం’ అన్న మాటే పొసుగుతుందా?

పర్లాకిమిడి మాస్టారు:
మంచి ప్రశ్న. దీనికి జవాబు ఆ రెండో పాదం యతిలోనే ఉందమ్మా. మొదటి అక్షరం ‘యె’, పదో అక్షరం ‘మే’. ‘పరమేశ్వరుడు’లోని మే. పైకి చూస్తే అక్కడ ఏకారం ఉంది. కానీ యతి కుదిరేది లోపలున్న ఈకారంతో. పరమ, ఈశ్వర కలిసి గుణసంధి అయినా ఛందస్సు ఆ పాత ‘ఈ’ని మరిచిపోలేదు. నాలుగో పాదంలో ‘నీశ్వరు’ చూడు, అక్కడ అదే ‘ఈ’ బయటికి కనపడుతూ యతి నిలుపుతుంది. ఒకచోట దాగి, ఒకచోట తేలి. పోతన ఇది లెక్క వేసుకుని రాశాడని నా నమ్మకం.

బరంపురం నుంచి:
మాస్టారూ, స్వరయతిలో ‘ఎ’, ‘ఏ’, ‘ఇ’, ‘ఈ’ అన్నీ ఒకే వర్గం. పైకి కనపడే ‘ఏ’తో కూడా ఆ యతి చెల్లుతుంది. దాగిన ‘ఈ’తోనే చెల్లిందని ఎలా రుజువు చేస్తారు?

రాయగడ నుంచి:
బలాల దగ్గరా ఇదే పేచీ. కళ్ళముందున్న వాటితోనే లెక్క సరిపోతుంటే, లోపల ఒకటే ఉందని ఎందుకు ఒప్పుకోవాలి? తత్వవేత్త నాన్సీ కార్ట్‌రైట్ ఈ వైపు నిలబడ్డారు. ప్రకృతిలో నియమాలు అతుకులు అతుకులుగా ఉండవచ్చు, అన్నిటికీ ఒకే నియమం ఉండాలని ఎక్కడుంది, అంటారు. నేను అటు వెళ్ళలేను. 1820లో ఓర్‌స్టెడ్ కరెంటు తీగ దగ్గర దిక్సూచి సూది కదలడం చూశాడంటే, వెనకాల షెల్లింగ్ తత్వం ఉంది, బలాలన్నీ ఒకటేనన్న నమ్మకం ఉంది. ఫారడే 1849లో తీగచుట్టలను, బరువులను కిందికి పడేసి, గురుత్వం నుంచి కరెంటు పుడుతుందేమో అని గాల్వనోమీటర్ సూదిని చూశాడు. సూది కదల్లేదు. సంబంధం ఉందన్న నమ్మకం మాత్రం సడలలేదని రాసుకున్నాడు. ఆ నమ్మకమే లేకపోతే 1865లో విద్యుత్తును, అయస్కాంతాన్ని ఒక్కటి చేసిన మాక్స్‌వెల్ దాకా వచ్చేవాళ్ళం కాదు.

బరంపురం నుంచి:
నమ్మకం సడలకపోవడం గొప్పే. సాక్ష్యం మాటేమిటి? 1974లో జార్జి, గ్లాషో గురుత్వం కాక మిగిలిన మూడు బలాలను ఒకే సిద్ధాంతంలో కలిపారు. పతి, సలాం దారిలోనూ, వాళ్ళ దారిలోనూ ప్రోటాన్ ఎప్పటికో ఒకప్పటికి క్షయించాలి. అందుకే 1980ల్లో మన కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున, కాచుకు కూర్చున్నారు. కొన్ని జాడలు కనపడ్డాయన్నారు గానీ అవి నిలవలేదు. ఇప్పుడు జపాన్‌లో సూపర్ కామియోకాండే నీటి ట్యాంకు చెప్పేదాని ప్రకారం, ప్రోటాన్ పాజిట్రాన్‌గా, పయాన్‌గా విడిపోవాలంటే 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని ఏళ్ళ పైమాటే. గురుత్వమైతే ఇంకా పంక్తిలోకే రాలేదు. గజేంద్రుడే అన్నాడు కదా, ‘కలడు కలండనెడువాడు గలడో లేడో’ అని. అక్కా, మీ వ్యాసానికి ఆ పద్యం పెట్టండి. ‘లీనమై’ గొడవే ఉండదు.

పర్లాకిమిడి మాస్టారు:
ఆ పద్యం పెట్టు, తప్పు లేదు. కానీ అర్థం సరిగ్గా తీసుకో. ‘కలండనెడువాడు’ అంటే ఉన్నానని తనకు తాను అనేవాడు కాదు, ఉన్నాడని లోకం అనేవాడు. పైన మూడుసార్లు ‘కలడందురు’ అన్నది లోకమే. సందేహం దేవుడి మీద కాదు, విన్నమాట మీద.

జయపురం నుంచి:
మాస్టారూ, ‘అనెడువాడు’లో అనడం వాడిదే అవ్వాలి కదా? ‘చేసెడువాడు’ అంటే చేసేది వాడే.

పర్లాకిమిడి మాస్టారు:
మరి ‘రాముడనెడు రాజు’ అంటే? రాముడు అని అన్నది ఆ రాజా బాబూ?