తాత చెప్పిన "అప్పు చేయకు" అన్న మాట ఇప్పటికీ చెల్లుతుందా?

కొత్తకాపురం: మా తాత రెండే చెప్పేవాడు. అప్పు చేయొద్దు, ఒకరి అప్పుకు సంతకం పెట్టొద్దు. ఇప్పుడు హైదరాబాదులో ఫ్లాటుకు 40 లక్షలు బ్యాంకులో తీసుకుందామనుకుంటున్నాను, 20 ఏళ్ళు, 8.5 శాతం. విన్నప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. మీరేమంటారు?

లెక్కలమాస్టారు: నెలకు 34,700 దాకా వాయిదా. చివరికి కట్టేది 83 లక్షల పైచిలుకు. అది చూసుకోండి. కానీ మీ తాతగారి కాలంలో అప్పంటే ప్రోనోటు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పడుతుందని, గడువు లోపే ఎంతో కొంత కట్టించుకుని వెనక చెల్లు రాయించుకునేవాళ్ళు. అప్పు మళ్ళీ మూడేళ్ళు బతికేది. ఆయన భయపడింది దానికి.

నల్లరేగడి: మిత్తి తక్కువైతే అప్పు మంచిదైతదా మాస్టారూ? పంట రుణం 7 శాతానికే ఇస్తరు, టైముకు కడితే 4 పడ్తది. అయినా రైతులు మునుగుతలేరా? పంట పోయిందని కిస్తీకి తెలుస్తదా? రేపు ఈ తమ్ముని ఉద్యోగం పోతే బ్యాంకు ఆగుతదా?

లెక్కలమాస్టారు: ముంచేది షావుకారు అప్పు. బ్యాంకుదీ దానిదీ ఒకటి చేయకండి.

గోదారిగట్టు: సంతకం సంగతిలో తాతగారిదే నిజమండీ. మా బావగారికి హామీ ఉన్నాను. ఆయన ఊరొదిలేశారు, నోటీసు నాకొచ్చింది. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతేనంట, ముందు ఆయన్నే అడగాలన్న నియమం కూడా లేదంట.

నల్లరేగడి: చూసిన్రా.

లెక్కలమాస్టారు: అది హామీ. అడిగింది ఇంటి అప్పు.

పెద్దమ్మాయి: పెద్దల మాట అనగానే అందరూ చేతులు కట్టుకుంటున్నారు. ఆ మాట ఎవరికి చెప్పారో, ఎవరికి చెప్పలేదో కూడా చూడండి.

నల్లరేగడి: మాట అందరికీ ఒకటే మేడమ్. పాటించనోళ్ళే సాకులు చెప్తరు.

పెద్దమ్మాయి: సాకులా? నాకు ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. హాస్టలు డబ్బు చాలదు, ఎక్కడైనా తెద్దామని అమ్మ అంది. "మన ఇంట్లో అప్పు చేసినవాడు లేడు" అన్నాడు నాన్న. పక్క ఊళ్ళో బీకాం చదివాను. నాలుగేళ్ళకు తమ్ముడికి ర్యాంకు రాకపోతే ఎకరంన్నర తాకట్టు పెట్టి సీటు కొన్నారు. అప్పుడు తాత మాట ఎవరికీ గుర్తు రాలేదు. వడ్డీ ఎంతన్నది నాకు అనవసరం. నా దగ్గరికి వచ్చేసరికే అది నీతి అయింది.

నల్లరేగడి: మీకు అప్పు దొరకలేదని కోపం. మాకు దొరికింది మేడమ్. మాది వరంగల్ దిక్కు. 1997లో పత్తికి లద్దెపురుగు పడ్డది. మా నాయిన మందుల దుకాణంల ఉద్దెర తెచ్చిండు, మూడు రూపాయల మిత్తి. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలే. మిగిలిన మందు ఆయనే తాగిండు. నాకప్పుడు పదకొండేండ్లు. తర్వాత మా నాయనమ్మ మమ్ముల కూసోబెట్టి ఒక్కటే చెప్పింది: అప్పు చేయకున్రి. నాకు అది సామెత కాదు.

కొత్తకాపురం: అన్నా, తెలియక అడిగాను.

లెక్కలమాస్టారు: నా అంకెలు అంకెలే. కానీ మీతో అలా వాదించి ఉండకూడదు.

పెద్దమ్మాయి: మీ నాన్నగారి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు ఆ మాట పట్టుకుని ఉండటం న్యాయం. నేను మాత్రం పట్టుకోలేను. పోయిన నెల మా అమ్మాయి చదువుకు బ్యాంకులో 4 లక్షలు తీసుకున్నాను. నేనే సంతకం పెట్టాను. మా నాన్న ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు.

నల్లరేగడి: చదువు అయినంక ఏడాది దాకా కిస్తీ అడగరు, కానీ మిత్తి మొదటి దినం నుంచే లెక్కల పడ్తది. చేతనైతే ఆ మిత్తి నెలనెలా కట్టుకుంట పోన్రి. పాప ఏం చదువుతున్నది?

పెద్దమ్మాయి: సివిల్ ఇంజనీరింగ్. రెండో ఏడు.