పారిస్‌లో నది మధ్య లంక: ఆ పాత భవంతుల లోపలికి వెళ్లనిస్తారా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అక్టోబరులో అమ్మను తీసుకుని పారిస్ వెళ్తున్నాను. నోత్రదామ్ చర్చి చూశాక వెనకవైపు వంతెన దాటితే వచ్చే చిన్న లంక ఉంది కదా, ఈల్ సాన్ లూయీ, అక్కడ ఒక పూట గడపాలని ఉంది. పాత భవంతులంటే నాకు ప్రాణం. ఓటెల్ ద లోజన్, ఓటెల్ లాంబేర్ అని రెండు పేర్లు రాసి పెట్టుకున్నాను కానీ గదుల అద్దె ఎంతో చూద్దామంటే ఎక్కడా దొరకడం లేదు. లోపలికి టికెట్ ఉంటుందా? బయటి నుంచే చూడాలంటే అమ్మను అంత దూరం నడిపించడం సబబేనా? ఆవిడకు మోకాళ్ల నొప్పులు, నా టెన్షన్ అంతా అదే.

జవాబు 1:
అవి బస చేసే హోటళ్లు కావండీ. ఫ్రెంచ్‌లో ఓటెల్ అంటే ఊళ్లో కలవారు కట్టుకున్న సొంత భవంతి అని కూడా అర్థం. లాంబేర్ ప్రైవేటు ఆస్తి, గేటు దాటనివ్వరు. లోజన్ నగరపాలక సంస్థది, ఇప్పుడు అందులో ఒక పరిశోధన సంస్థ ఉంది, మామూలు రోజుల్లో అదీ మూసే ఉంటుంది. అయినా తప్పకుండా వెళ్లండి. కె దాంజూ అనే గట్టు మీద 17వ నంబరు ముందు నిలబడితే బంగారు పూత వేసిన బాల్కనీ, చేపల ఆకారాలు చుట్టుకున్న వాన నీటి గొట్టాలు కనిపిస్తాయి. వాన నీళ్లు దిగే గొట్టానికి కూడా అంత సోకు చేశారంటే లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1840ల్లో కవి బోద్‌లేర్ అక్కడే అద్దెకున్నాడు.

అదే గట్టు వెంట తూర్పు కొసకు వెళ్తే లాంబేర్. వాస్తుశిల్పి లూయీ ల వో 1640లో మొదలుపెట్టిన కట్టడం అది. నదివైపు గుండ్రంగా ముందుకు వచ్చిన భాగం ఉంది చూడండి, దాని లోపలి కప్పు మీద గ్రీకు వీరుడు హెర్క్యులీస్ కథ అంతా చిత్రకారుడు ల బ్రన్ బొమ్మలు వేశాడు. 2013 జులైలో మరమ్మతులు జరుగుతుండగా నిప్పంటుకుంది. ఆ బొమ్మలు బతికాయి కానీ స్నానాల గదిలో ల స్యూర్ అనే మరో చిత్రకారుడు వేసిన చిత్రాలు పోయాయి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

జవాబు 2:
భవంతుల కంటే ముందు ఆ నేల సంగతి తెలుసుకోండి, చూసే కన్నే మారిపోతుంది. 17వ శతాబ్దం మొదట్లో అక్కడున్నవి రెండు ఖాళీ తిప్పలు, ఒకదాని పేరే ఆవుల లంక. క్రిస్తోఫ్ మరీ అనే కాంట్రాక్టరు 1614లో రాజుతో ఒప్పందం కుదుర్చుకుని, రెంటినీ కలిపి, చుట్టూ రాతి గట్టు కట్టి, వీధులు గీసి, స్థలాలు అమ్మాడు. లంకకు వచ్చే పోన్ మరీ వంతెన పేరు ఆయనదే, మేరీ మాతది కాదు. దాని మీద కూడా ఇళ్లుండేవి, 1658 వరదకు లంక వైపు రెండు కమానులు ఇళ్లతో సహా కొట్టుకుపోయాయి. లంక మొత్తం కొన్ని దశాబ్దాల్లోనే లేచింది కాబట్టే ఇళ్లన్నీ ఒక కుటుంబంలా ఉంటాయి. పారిస్‌లో మిగతా చోట్ల పెద్దవాళ్ల భవంతులు ముంగిలి వెనక దాక్కుంటాయి, ఇక్కడివి మాత్రం నదికేసి ముఖం పెట్టి నిలబడతాయి. అందుకే బయటి నుంచి చూసినా నష్టం లేదంటాను.

జవాబు 3:
అమ్మగారితో అయితే చుట్టూ తిరగాలని పట్టుపట్టకండి. పై గట్టు చదునుగానే ఉంటుంది, నీళ్ల అంచుకు దిగే మెట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. పడమటి కొసన బెంచీలున్నాయి, తూర్పు కొసన బారీ పేరుతో చిన్న పార్కు ఉంది. లంక నడుమగా వెళ్లే వీధిలో చర్చి గడియారం దుకాణం బోర్డులా వీధిలోకి వేలాడుతుంది, 1741 నాటిది.

ఇంకొకటి, కె ద బుర్బోన్ గట్టు మీద 19వ నంబరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. శిల్పి కమీ క్లోదెల్ 1899 నుంచి అక్కడే పనిచేసింది. 1913లో కుటుంబసభ్యులు ఆమెను అక్కడి నుంచే మానసిక చికిత్సాలయానికి పంపించేశారు, ముప్పై ఏళ్ల తర్వాత చనిపోయేదాకా బయటికి రాలేదు. నాకైతే లాంబేర్ వైభవం కంటే ఆ గుమ్మమే ఎక్కువ గుర్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, గుమ్మం సంగతి అమ్మకు చదివి వినిపించాను, అక్కడికే ముందు వెళ్దామంది. ఫోటోలకు పొద్దున మంచిదా, సాయంత్రమా?

జవాబు 1:
కె దాంజూ ఈశాన్యం వైపు కాబట్టి గోడల మీద ఎండ కావాలంటే అటు పొద్దున వెళ్లండి. మధ్యాహ్నం దక్షిణం గట్టు, కె ద బెత్యూన్ వైపు రండి. 36వ నంబరులో మేరీ క్యూరీ ఉండేది, అమ్మగారిని ఆ ఎండలో నిలబెట్టి తీయండి.