స్టీల్ లోడు వస్తోంది, ఇరవై అడుగుల వీధి: దించడంలో మీ అనుభవాలు చెప్పండి (బెంగళూరు)

హొరమావు కొత్తిల్లు · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. హొరమావులో 30 బై 40 సైటులో ఇల్లు కడుతున్నాం. లేబర్ కాంట్రాక్టు ఇచ్చి మెటీరియల్ నేనే తెప్పిస్తున్నా. మొన్న బుధవారం సిమెంటు వచ్చింది. లారీ రివర్స్‌లో వస్తుంటే మా గేటు పిల్లరుకీ లారీకీ మధ్య హెల్పర్ కుర్రాడు ఇరుక్కోబోయాడు. జానెడు సందు. చొక్కా గుండీలు ఊడాయి, అంతటితో పోయింది. అదే ఊపులో ఎదురింటివాళ్ల మోరీ మీది బండ కూడా విరిగింది.

డ్రైవర్ని అడిగితే "క్లీనర్ చూసుకోవాలి" అన్నాడు. క్లీనర్ అప్పటికే పైకెక్కి టార్పాలిన్ విప్పుతున్నాడు. షాపతను "సైటు దాకా పంపడమే మా పని సార్" అన్నాడు. మేస్త్రి "సరుకు నేల మీద పడ్డాకే నా పని" అన్నాడు. అంటే లారీ వీధిలోకి తిరిగిన దగ్గర్నుంచి సరుకు దిగేదాకా ఆ గంట ఎవరిదీ కాదన్నమాట.

వచ్చే వారం మొదటి స్లాబుకి స్టీలు వస్తోంది, మూడున్నర టన్నులు. ఆ తర్వాత ఆర్‌ఎంసీ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు). ఇల్లు కట్టినవాళ్లు, ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

కదిరి మేస్త్రి · రాత్రి 11:05

అన్నా, మన సైట్లలో రివర్స్ ఎట్లా ఉంటుందో చూస్తూనే ఉన్నాం కదా. క్లీనర్ "బర్లి బర్లి" అంటాడు. బీహార్ కుర్రాడు "ఆనే దో" అంటాడు. మనామె ఒకామె తట్ట పట్టుకునే "రానీ రానీ" అంటుంది. డ్రైవర్ తమిళుడైతే ముగ్గురిలో ఎవరి మాటా అర్థం కాదు.

నా సైటులో పిలిచేది ఒక్కడే. వాడు డ్రైవర్ వైపు అద్దంలో కనబడేచోట నిలబడాలి, లారీ వెనకాల కాదు. అద్దంలో వాడు కనబడకపోతే డ్రైవర్ అక్కడికక్కడే బ్రేకు వెయ్యాలి. ఈ మాట లారీ మెయిన్ రోడ్డు మీద ఉండగానే చెప్పుకోవాలి, వీధిలోకి వచ్చాక ఎవరూ వినరు. "ఆపు" అని మాత్రం ఎవరైనా అరవొచ్చు. గోడకీ బండికీ మధ్య మనిషి ఉండకూడదు. చక్రం కింద పెట్టేది కూడా ఇటుకముక్క కాదు, చెక్క దిమ్మ. ఇటుక పొడైపోతుంది.

మీ కుర్రాడు సందులోకి ఎందుకు పోయుంటాడో చెప్పనా? గేటు రెక్కకు గీత పడకుండా పట్టుకోవడానికి. గేటు రెక్కలు ముందురోజే ఊడదీసి పక్కన పెట్టించండి.

హొరమావు కొత్తిల్లు · రాత్రి 11:12

అవునన్నా, గేటు పట్టుకోవడానికే వెళ్లాడు. ఎలా చెప్పారు?

కదిరి మేస్త్రి · రాత్రి 11:14

అందరూ దానికే పోతారు.

సర్జాపూర్ రోడ్ సేఫ్టీ · మంగళవారం ఉదయం 7:20

నేను పెద్ద అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో సేఫ్టీలో పనిచేస్తున్నా. మా దగ్గర ప్రతి లోడుకీ టైము ముందే ఇస్తాం, గేటు దగ్గర ఒక మనిషి ఉంటాడు, రాడ్లు హైడ్రాతో (చక్రాల మీద తిరిగే క్రేను) దించుతాం. మీ వీధిలోకి హైడ్రా రాదు కాబట్టి అందులో మీకు పనికొచ్చేవి మాత్రం చెప్తా.

పన్నెండు మీటర్ల రాడ్లు మడవకుండా తెస్తే మీ వీధిలో తిరగవు. షాపువాళ్లు మధ్యకి మడిచి యూ ఆకారంలో కట్టి చిన్న బండిలో పంపుతారు. అసలు ప్రమాదం ఆ కట్టులోనే. కటింగ్ ప్లేయర్‌తో తీగ తెంచగానే మడిచిన రాడ్డు స్ప్రింగులా విచ్చుకుంటుంది. తెంచేవాడు ఎప్పుడూ మడత వైపే నిలబడాలి, విడి కొసల వైపు నిలబడకూడదు. కట్టను మొదట నేల మీదికి దించి, అప్పుడే తెంచాలి. బండి మీద నిలబడి తెంచితే తప్పించుకోవడానికి చోటుండదు.

ఇంకోటి. బండి బాడీ దాటి వెనక్కి వేలాడే లోడుతో పంపుతామంటే ఒప్పుకోకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి జరిమానా 20 వేలు. జరిమానా సంగతి అలా ఉంచి, రాత్రిపూట వెనకొచ్చే బైకువాడికి ఆ కొసలు కనబడవు.

ఎప్పుడైనా హైడ్రా వాడాల్సి వస్తే, కట్టకు చుట్టిన తీగకు హుక్కు వెయ్యనివ్వద్దు. స్లింగు (బరువు ఎత్తడానికి చుట్టే బెల్టు లేదా వైరు తాడు) రెండుచోట్ల వెయ్యాలి, కొసకు తాడు కట్టి దూరంగా ఉన్న మనిషి తిరక్కుండా పట్టుకోవాలి. హుక్కు నుంచి దిగే స్లింగు రెండు కాళ్లూ మరీ విచ్చుకుని మధ్య కోణం 120 డిగ్రీలకు వస్తే ఒక్కో కాలి మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. అందుకే కాళ్లను అంత విచ్చుకోనివ్వద్దు.

అర్ధరాత్రి లోడు · ఉదయం 8:02

పగలు రద్దీ టైములో పెద్ద బండ్లను సిటీలోకి రానివ్వరు, కాబట్టి మీ లోడు రాత్రి పదకొండు దాటాకే వస్తుంది. "బయల్దేరాం సార్" అని తొమ్మిదికే ఫోను వస్తుంది. నమ్మి కూర్చోకండి. కూలీలు మధ్యాహ్నం నుంచి పనిచేసి అలిసిపోయి ఉంటారు. రెండు ఫోకస్ లైట్లు పెట్టండి, డ్రైవర్ కళ్లలో పడకుండా. మా సైటులో లైటు సరిగ్గా డ్రైవర్ మొహమ్మీదికి పెట్టిన మహానుభావుడిని నేనే.

రెండు టిప్పర్ల ఓనర్ · ఉదయం 9:30

స్టీలు గురించి వాళ్లు చెప్పారు, నేను ఎం శాండు (రాయిని పిండి చేసిన ఇసుక), జల్లి తోలేవాడిని (మన కంకరే, ఇక్కడ జల్లి అంటారు). మాది అనంతపురం. కడుగోడి వైపు తోలుతాం.

టిప్పరు బాడీ పూర్తిగా లేస్తే దాని ముందు అంచు దాదాపు ఇరవై అడుగులకు పోతుంది. వీధి వెంట పోయే 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 5.8 మీటర్లు ఉండాలని రూలు, అంటే పంతొమ్మిది అడుగులు. తీగ మధ్యలో వేలాడుతుంది, కింద తారు మీద తారు వేసి రోడ్డు అడుగు లేచి ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి. సైటు ముందు తీగ ఉంటే నేను లోడు పది గజాలు ఇవతలే పోస్తా, తట్టలతో మోసుకొమ్మంటా. ఓనర్లు తిడతారు. తిట్టనీ.

తగిలితే ఏం చెయ్యాలో నా డ్రైవర్లకు చెప్పి పెట్టా. క్యాబిన్లోంచి దిగొద్దు. కింద ఉన్నవాడెవడూ బండి ముట్టొద్దు, దగ్గరికే రావొద్దు. 1912కి ఫోను చేసి బెస్కాం వాళ్లు కరెంటు ఆపామన్నాకే దిగడం. మంటలొచ్చి దిగక తప్పదంటే రెండు కాళ్లూ జోడించి దూకాలి, ఒక చెయ్యి బండి మీద ఒక కాలు నేల మీద అసలు ఉండకూడదు. దూకాక పరిగెత్తకుండా పాదాలు ఈడ్చుకుంటూ దూరం పోవాలి. టైర్లు రబ్బరు కదా ఏం కాదు అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పదకొండు వేల వోల్టులకు ఆ టైరు అడ్డం కాదు.

తడి ఎం శాండు బాడీకి అతుక్కుంటుంది. అది రాలడానికి బాడీ లేపి ఉంచి బండిని ముందుకీ వెనక్కీ జర్కు ఇస్తారు. కొత్తగా పోసిన మట్టి మీద అలా చేస్తే బండి పక్కకి ఒరుగుతుంది. పారతో గీకించండి.

నాగర్‌కర్నూల్ బిడ్డ · మధ్యాహ్నం 1:15

అందరూ లారీ గురించే మాట్లాడుతున్నారు, మోసేవాళ్ల గురించి ఒక మాట. మా అమ్మ పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లు తట్ట మోసింది. నేను ఇప్పుడు ఇక్కడే ఐటీలో ఉన్నా. ఆమె మెడ ఇప్పటికీ ఎడమకి పూర్తిగా తిరగదు.

భవన నిర్మాణ కార్మికుల 1998 నాటి కేంద్ర నిబంధనల్లో ఒక మనిషి ఒంటరిగా మోయదగ్గ బరువు మగవాళ్లకు 55 కిలోలు, ఆడవాళ్లకు 30 కిలోలు అని ఉంది. సిమెంటు బస్తా 50 కిలోలు. ఆరంగుళాల సాలిడ్ బ్లాకు ఒక్కటే పాతిక కిలోలు, సైట్లలో ఆడవాళ్ల తల మీద రెండు పెడతారు. పెట్టేది మొగుడో తమ్ముడో అయ్యుంటాడు, లోడు తొందరగా అయితే లారీ కూలి డబ్బులు ఎక్కువొస్తాయని. కాబట్టి వాళ్లని తిట్టి లాభం లేదు. కూలి లోడు లెక్కన కాకుండా రోజు లెక్కన ఇచ్చి చూడండి, ఎవరూ రెండు బ్లాకులు ఎత్తరు.

చుట్టగుడ్డలు, చేతి తొడుగులు మీరే కొనండి. బూట్లు తెచ్చినా వేసుకోరని అంటారు. సైజు అడిగి తెచ్చారా అని అడగండి ముందు.

జిగని గ్రానైట్ బాధ · మధ్యాహ్నం 2:48

స్టీలు దాటాక గ్రానైటు వస్తుంది, ఇప్పుడే చెప్పి పెడతా. మా బాబాయి ఇంటికి జిగని నుంచి పలకలు వచ్చాయి. తొమ్మిది అడుగులు బై ఆరు, 20 మిల్లీమీటర్ల మందం. చదరపు అడుగు అయిదు కిలోల లెక్కన ఒక్క పలక 270 కిలోలు. లారీలో ఏటవాలు ఫ్రేముకు రెండు వైపులా ఆనించి తాడు కట్టుంటారు.

వీధి వాలుగా ఉంది. బండి వాలు మీదే ఆపారు. కుర్రాడు పైకెక్కి తాళ్లన్నీ ఒకేసారి విప్పాడు. పల్లం వైపు ఉండాల్సినంత ఆనుడు లేక నాలుగు పలకలు పేకముక్కల్లా వాలాయి. కింద చేతులు చాపి నిలబడిన మనిషి ఉన్నాడు. చేతులు ఎందుకు చాపాడో ఆ దేవుడికే తెలియాలి, వెయ్యి కిలోలకు పైన ఉంది. తొడ ఎముక విరిగింది, మూడు నెలలు మంచం. అతను ఇప్పుడు వాచ్‌మన్‌గా చేస్తున్నాడు.

బండి చదునుగా ఉన్నచోటే ఆపాలి. ఒకవైపు తాడు విప్పితే రెండోవైపు బిగిసే ఉండాలి. ఒక్కో పలక తీస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించుకుంటూ పోవాలి. పడే పలకను ఎవరూ పట్టుకోవద్దు, పడనివ్వండి. పలక పోతే ఇంకోటి వస్తుంది.

సంప్ బాధితుడు · సాయంత్రం 6:10

కొత్తిల్లుగారూ, మీ సంప్ (నేల కింది నీళ్ల ట్యాంకు) ఎక్కడుంది? పార్కింగ్ కిందేనా?

హొరమావు కొత్తిల్లు · సాయంత్రం 6:21

అవునండీ, గేటుకి కుడివైపు. స్లాబు వేసి నెలన్నర అయింది. ఎందుకు?

సంప్ బాధితుడు · సాయంత్రం 6:40

దాని మీదికి లారీ రానివ్వకండి, అందుకు. మాకు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర జరిగింది. సాలిడ్ బ్లాకుల లారీ, ఐదొందల బ్లాకులు. పైన చెప్పిన పాతిక కిలోల లెక్కన పన్నెండున్నర టన్నులు, లారీ బరువు వేరే. నేను ఇంట్లో టీ తాగుతున్నా. చప్పుడు పెద్దగా ఏం రాలేదు, ఎవరో పెద్ద డబ్బా మూత తీసినట్టు. బయటికొచ్చి చూస్తే వెనక కుడి చక్రం సంప్‌లో, లారీ మోకాళ్ల మీద కూర్చున్న ఏనుగులా ఉంది. సంప్ స్లాబు కారు బరువుకు వేసేది. ఆ సమయానికి లోపల పూత పూసేవాడు భోజనానికి వెళ్లాడు. అంతకుమించి రాయలేను.

ఆర్‌ఎంసీ బండి ఇంకా బరువు. ఆరు క్యూబిక్ మీటర్ల కాంక్రీటే పద్నాలుగు పదిహేను టన్నులు ఉంటుంది. బండిని రోడ్డు మీదే ఆపించి పైపు లైను వేయించండి. పైపు జామ్ అయ్యి విడిపోయేటప్పుడు కొస రబ్బరు గొట్టం పాములా కొడుతుంది, అప్పుడు దాన్ని ఎవరూ పట్టుకోకూడదు. ప్లాంటులో నింపిన టైము చలానాలో ఉంటుంది, అక్కడి నుంచి రెండు గంటల్లో పోసెయ్యాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని గట్టిపడిందని డ్రైవర్ నీళ్లు కలపబోతే ఆపండి.

సర్జాపూర్ రోడ్ సేఫ్టీ · రాత్రి 8:05

పైదానికి ఒకటి కలుపుతా. పునాది గోతుల పక్కన కూడా ఇదే గొడవ. గొయ్యి అంచు నుంచి కనీసం మీటరున్నర, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలోనే మట్టి గానీ సరుకు గానీ పెట్టాలి. బండి అయితే ఇంకా దూరం.

బేరం మాస్టర్ · రాత్రి 9:00

ఇవన్నీ సరే, దించే కూలి ఎవరివ్వాలి? అది తేల్చకపోతే రాత్రి పన్నెండుకి రోడ్డు మీద పంచాయితీ పెడతారు, కోపంలోనే దెబ్బలు తగులుతాయి. "సైట్ డెలివరీ" అంటే షాపువాళ్ల లెక్కలో లారీ తలుపు దాకానే. ఆర్డరు ఇచ్చేటప్పుడే వాట్సాప్‌లో రాయించుకోండి: దించే మనుషులెంతమంది, ఎవరి మనుషులు, డబ్బు ఎవరిది, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది. చివరిది అడగ్గానే అవతలివాడు మాట మార్చేస్తాడు. అయినా అడగండి.

హొరమావు కొత్తిల్లు · తర్వాతి గురువారం ఉదయం 6:50

లోడు నిన్న రాత్రి 12:20కి దిగింది. అందరికీ థ్యాంక్స్.

గేటు రెక్కలు ముందురోజే తీయించాం. ఎదురింటి మోరీ మీద షీటు వేశాం, కొత్త బండ కూడా వేయించాను. పిలిచే పని మేస్త్రి తమ్ముడికిచ్చి ఆరెంజ్ జాకెట్ తొడిగాం. మొదట నవ్వాడు, తర్వాత లారీ డ్రైవర్ అతని మాటే వింటుంటే కాస్త పెద్దరికం వచ్చింది. ఒకసారి అద్దంలోంచి తప్పుకున్నాడు, డ్రైవర్ నిజంగానే ఆపేశాడు.

కట్టలు కింద పెట్టాకే తీగ తెంచారు. ఒకటి విచ్చుకుని ఇసుక కుప్పను కొట్టింది, అక్కడ ఎవరూ లేరు. దించే కూలి నేనే ఇచ్చా, ఆరుగురికి రోజు లెక్కన. షాపతను ఆసుపత్రి ఖర్చు మాటకి బదులివ్వలేదు, బేరం మాస్టర్ చెప్పినట్టే. వేబ్రిడ్జి చీటీ, రాడ్ల లెక్క సరిపోయాయి (12 మిల్లీ రాడ్డు పూర్తి పొడవుది 10.66 కిలోలు, లెక్కపెట్టి గుణించా).

ఆర్‌ఎంసీ శనివారం రాత్రి. సంప్ చుట్టూ ఖాళీ డ్రమ్ములు పెట్టించాను.

కదిరి మేస్త్రి · ఉదయం 7:04

డ్రమ్ముల్లో నీళ్లు పోయించన్నా. ఖాళీవి అయితే బండికి దారి ఇవ్వడానికని మనవాళ్లే జరిపేస్తారు.