వెనక చక్రం బిగించాక అలైన్‌మెంట్: గీతలు చూస్తే చాలా, దారం పట్టాలా?

ఖమ్మం_రైడర్: పంక్చర్ కోసం వెనక చక్రం విప్పించాను. బిగించాక చైన్ కరకరమంటోంది, బండి కాస్త ఎడమకు లాగుతున్నట్టుంది. 150 సీసీ, డ్రమ్ బ్రేక్. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే రెండు చేతుల ఫ్రేమ్) మీద చక్రం ఎక్కడ కూర్చుందో చూపే గీతలు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి. అది చాలంటాడు మెకానిక్. దారం పట్టాల్సిందే అంటాడు మా బావమరిది. మీరేమంటారు?

స్ప్లెండర్_సీను: గీతలు చాలు బ్రో. కంపెనీవాళ్లు ఊరికే పెట్టరు కదా. చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే రెండు అడ్జస్టర్ నట్లూ సమానంగా తిప్పు, బిగించు, పో. ఆఫీసుకెళ్లే బండికి ఇంత హంగామా ఎందుకు?

బుల్లెట్_బాబాయ్: సీనూ, సమానంగా తిప్పాలంటే మొదట రెండూ సమానంగా ఉండాలి కదయ్యా! పైగా ఆ గీతలు అన్ని బండ్లలోనూ కచ్చితంగా ఉండవు. నేనైతే స్వింగార్మ్ పివట్ బోల్టు (అది బండి ఫ్రేమ్‌కు కలిసే చోటి బోల్టు) మధ్య నుంచి యాక్సిల్ (చక్రం ఇరుసు) మధ్యకు రెండు వైపులా టేపుతో కొలుస్తాను. 1 మి.మీ. తేడా వచ్చినా మళ్లీ నట్టు వదులు చేస్తాను.

దారం_పార్టీ: టేపు కూడా సగమే చెప్తుంది. బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి, వెనక టైరు వెనక నుంచి దారం చుట్టి, రెండు కొసలూ ముందు చక్రం దాటేదాకా లాగండి. స్టాండ్‌కు తగలనంత ఎత్తులో పట్టాలి. వెనక టైరు ముందు అంచుకు దారం తాకీ తాకనట్టు తాకాలి, వంగకూడదు. ముందు టైరు సన్నగా ఉంటుంది కాబట్టి రెండు పక్కలా సందు మిగులుతుంది. ఆ సందులు సమానమైతే ఓకే.

స్ప్లెండర్_సీను: హ్యాండిల్ కొంచెం తిరిగినా నీ సందులన్నీ అబద్ధమే.

దారం_పార్టీ: అందుకే ముందు చక్రానికి ఒకే పక్క ముందంచు దగ్గరా వెనకంచు దగ్గరా కొలవాలి. ఆ రెండూ ఒకటైతేనే హ్యాండిల్ నేరుగా ఉన్నట్టు.

గ్రీజు_చేతులు: మీరిద్దరూ వేర్వేరు విషయాల మీద కొట్టుకుంటున్నారు. గీతలైనా టేపైనా యాక్సిల్ వంకరగా కూర్చుందా అన్నదే చెప్తాయి. చక్రం మొత్తం పక్కకు జరిగితే వాటికి తెలియదు, దారానికే తెలుస్తుంది. ఖమ్మం అన్నా, యాక్సిల్ మీద ఎడమ, కుడి కాలర్లు (చక్రాన్ని దాని చోట నిలిపే గొట్టం ముక్కలు) ఉంటాయి. చాలా బండ్లలో వాటి పొడవు వేరు. పంక్చర్ హడావుడిలో అవి తారుమారైతే గీతలు చక్కగానే కనిపిస్తాయి, చైన్ మాత్రం స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లకు ఒక పక్కే రాసుకుంటుంది. పళ్ల పక్కలు చూడు, ఒక్క వైపే మెరుస్తున్నాయా?

ఖమ్మం_రైడర్: లోపలి వైపే మెరుస్తున్నాయి అన్నా. దారం పడితే ఎడమ సందు పెద్దది, కుడిది చిన్నది. విప్పి చూస్తే పొడుగు కాలర్, పొట్టి కాలర్ అటుదిటు వేశారు. మార్చాక చైన్ నిశ్శబ్దంగా ఉంది.

స్ప్లెండర్_సీను: అంటే గీతలు తప్పు చెప్పలేదుగా!

బుల్లెట్_బాబాయ్: ఒప్పుకోవయ్యా ఇక. ఖమ్మం తమ్ముడూ, యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు చైన్‌కీ వెనక స్ప్రాకెట్‌కీ మధ్య గుడ్డముక్క ఇరికించి చక్రం వెనక్కి తిప్పావా? అలా చేస్తే యాక్సిల్ ముందుకు జరిగి అడ్జస్టర్లకు గట్టిగా ఆనుకుంటుంది, బిగింపులో జరగదు. గుడ్డ తీశాక చైన్ లూజు మాన్యువల్‌లో ఉన్నంతే ఉందో లేదో, బిగుతుగా ఉన్న చోట చూడు. బ్రేక్ ప్లేట్ తిరగకుండా పట్టుకునే టార్క్ రాడ్ నట్టూ, అది ఊడకుండా పెట్టే పిన్నూ మర్చిపోకు.

ఖమ్మం_రైడర్: పిన్ పాతదే వేశారు బాబాయ్. సాయంత్రం కొత్తది తెస్తాను.