ర్యాంక్-నల్లిటీ నిరూపణ: ప్రతి లైనూ అర్థమవుతోంది, మొదటి అడుగు మాత్రం ఎలా తట్టాలి?

నమస్కారం. లీనియర్ ఆల్జీబ్రా సొంతంగా చదువుకుంటున్నాను. లెక్కలు బాగానే వస్తున్నాయి, నిరూపణల దగ్గరే ఆగిపోతున్నాను.

ర్యాంక్-నల్లిటీ సిద్ధాంతమే తీసుకోండి: ఒక లీనియర్ మ్యాప్ రేంజ్ (వచ్చే ఇమేజ్‌లన్నీ) డైమెన్షన్‌కి కెర్నెల్ (సున్నాకి పోయే వెక్టర్లన్నీ) డైమెన్షన్ కలిపితే డొమైన్ (మ్యాప్ బయలుదేరే స్పేస్) డైమెన్షన్ వస్తుందని అది చెబుతుంది. (ఎక్స్, వై, జెడ్)ని (ఎక్స్, వై)కి పంపే మ్యాప్‌లో జెడ్ అక్షం మొత్తం సున్నాకి పోతుంది, రేంజ్ డైమెన్షన్ 2, కెర్నెల్‌ది 1, కలిపితే 3. ఇక్కడిదాకా కళ్ళకు కట్టినట్టు ఉంది.

నిరూపణలో ముందు కెర్నెల్‌కి ఒక బేసిస్ (అందులోని ప్రతి వెక్టర్‌నీ ఒకే ఒక్క విధంగా కూర్చగల వెక్టర్ల సమితి) తీసుకుని, దాన్ని మొత్తం స్పేస్ బేసిస్‌గా పొడిగిస్తారు. కొత్తగా చేర్చిన వెక్టర్ల ఇమేజ్‌లే రేంజ్‌కి బేసిస్ అని చూపిస్తారు. ఆ ఇమేజ్‌ల లీనియర్ కాంబినేషన్ సున్నా అయితే, అసలు వెక్టర్ల కాంబినేషన్ కెర్నెల్‌లో ఉండాలి, కాబట్టి కోఎఫిషియంట్లన్నీ సున్నాలే. చాలా అందమైన వాదన! కానీ పుస్తకం మూసేస్తే, కెర్నెల్‌తో మొదలుపెట్టాలని నాకెందుకు తట్టాలి?

రేంజ్ బేసిస్‌తో మొదలుపెట్టి, ఒక్కో వెక్టర్‌కి ఒక ప్రీఇమేజ్ (మ్యాప్ దాని దగ్గరికి పంపే డొమైన్ వెక్టర్) ఎంచుకుని, వాటికి కెర్నెల్ బేసిస్ కలిపినా పని జరుగుతుందనిపిస్తోంది. ఇది సరైన నిరూపణేనా? అయితే రెండూ నిజానికి ఒకే వాదనా, లేక రెండోదానిలో ఏదైనా తేడా ఉందా? డొమైన్ ఫైనైట్ డైమెన్షనల్ అన్న షరతు సరిగ్గా ఏ అడుగులో వాడుతున్నామో కూడా చెప్పండి.

గురువు లేకుండా నేర్చుకున్నవాళ్ళు ఇలాంటి నిరూపణలను ఎలా సాధన చేశారు? చూడకుండా తిరగరాయడం సరిపోతుందా, లేక ఒక్కో షరతు తీసేసి ఎక్కడ తెగుతుందో చూడటం మేలా? నాకు రెండోదే నచ్చుతోంది, కానీ దానికి తగిన ప్రతికూల ఉదాహరణలు సొంతంగా తయారుచేసుకోవడం కష్టంగా ఉంది. ఒకటి రెండు చూపిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.