4x8లో మూడోది దాటలేకపోతున్నాను, ఏం చేయాలి?

చెమటచుక్క
ఇవాళ కూడా అంతే. తెల్లవారకముందే లేచి, వార్మప్ చేసి, మళ్ళీ మూడోదాంట్లోనే చేతులెత్తేశాను. ప్లాన్‌లో ఉన్నది 4x8. అంటే సైకిల్ మీద ఎనిమిది నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు తేలిగ్గా, అలా నాలుగుసార్లు. మొదటిది బాగానే పోతుంది. రెండోది పళ్ళు బిగబట్టి లాగుతాను. మూడోది సగానికి రాకముందే కాళ్ళు మొద్దుబారిపోయి పెడల్ కదలనంటుంది. నా ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే పవర్) 240 వాట్లు, దాంట్లో 106 శాతం లెక్కన 254 వాట్లు పెట్టాను. గుండె వేగం 184కి పోతోంది. నా వయసు 36, 220లోంచి తీసేస్తే నా మాక్సిమమే 184! ఇంకా తొక్కితే ఏమవుతుందోనని భయం. రాత్రంతా వీడియోలు చూస్తే ఒకడు అన్నం తగ్గించమంటాడు, ఇంకొకడు పెంచమంటాడు. వచ్చే నెల మా గ్రూపులో 20 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరుగా గడియారంతో పోటీ) ఉంది. తిండి, నిద్ర అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పెక్కడ జరుగుతోందో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఎదురుగాలి
ఫ్యాన్ ఉందా?

బ్రెవే బాబాయ్
తమ్ముడూ, నీకు పునాది లేదు. ఈ రోజుల్లో సైకిల్ కొన్న వారానికే అందరికీ ఇంటర్వెల్స్ కావాలి. ముందు ఓ ఏడాది పాటు వారం వారం మెల్లగా, పొడుగ్గా తొక్కు. 200 కిలోమీటర్ల బ్రెవేకి (టైమ్ లిమిట్ ఉన్న దూరపు రైడ్) 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేసినవాణ్ణి ఎస్ఆర్, అంటే సూపర్ రాండన్యూర్ అంటారు. అది చేశాక నీ గుండె నీ మాట వింటుంది. పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి 90 గంటల్లో 1200 కిలోమీటర్లు తొక్కడానికి వచ్చేవాళ్ళలో అరవై దాటినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళెవరూ 4x8 లెక్కలు వేసుకుంటూ కూర్చోరు. వాట్లు చూస్తూ తొక్కేది సైక్లింగే కాదు, నన్నడిగితే.

మైనం చైన్
చైన్ చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు? తడి లూబ్ వేసి దుమ్ములో తిప్పితే అది నల్లటి ముద్దయిపోతుంది, మీ కాళ్ళ బలంలో కొంత దానికే పోతుంది. కొత్త చైన్‌కి ఫ్యాక్టరీ గ్రీజు పూర్తిగా వదలగొట్టి, పారఫిన్ మైనం కరిగించి అందులో ముంచి ఆరబెట్టండి. రైస్ కుక్కర్ లాంటిది పాతది ఒకటి దీనికే వేరుగా పెట్టుకోండి, స్టవ్ మంట మీద మాత్రం కరిగించొద్దు, అంటుకుంటుంది. ఒకసారి మైనానికి మారినవాడు మళ్ళీ నూనె వైపు చూడడు.

చెమటచుక్క
మైనం చైన్ గారూ, నేనడిగింది చైన్ గురించి కాదండీ. బాబాయ్, ఏడాది తర్వాత సంగతి కాదు, రేస్ వచ్చే నెల. ఎదురుగాలి అన్నా, ఫ్యాన్ ఉంది, సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది.

ఎదురుగాలి
సీలింగ్ ఫ్యాన్ లెక్కలోకి రాదు.

కొలమానం
ఆగండాగండి. సీలింగ్ ఫ్యాన్ అంటే ఇంట్లో ట్రైనర్ మీద తొక్కుతున్నారా? ఆ ముక్క పైన ఎక్కడా లేదు. నాలుగు సంగతులు చెప్పండి. ట్రైనర్ ఏ రకం: వెనక చక్రం తీసి బిగించేదా, టైరు రోలర్ మీద ఆనేదా? ఎర్గ్ మోడ్ (పెట్టిన వాట్లని ట్రైనరే నిలబెట్టేది) ఆన్‌లో ఉందా? గదిలో ఏసీ ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, ఆ 240 ఎప్పుడు, ఎక్కడ, దేని మీద వచ్చింది?

వైజాగ్ వాలు
మధ్యలో ఒక మాట. 106 శాతం అన్నప్పుడు అది త్రెషోల్డ్ (ఎఫ్‌టీపీ చుట్టుపక్కల) వర్కవుట్ కాదు. కాగన్ లెవెల్స్ (ఎఫ్‌టీపీలో శాతాలుగా కట్టిన ట్రైనింగ్ స్థాయిలు) ప్రకారం త్రెషోల్డ్ 91 నుంచి 105 దాకా, 106 నుంచి 120 దాకా వీఓటూ మాక్స్ (ఒళ్ళు వాడుకోగల ఆక్సిజన్ గరిష్ఠం). వీఓటూ మాక్స్ పనికి ఎనిమిది నిమిషాలు చాలా ఎక్కువ, మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. ప్లాన్ రాసినవాడికే తెలియదు.

కొలమానం
105కి త్రెషోల్డ్, 106కి వీఓటూ అని శరీరంలో స్విచ్ ఏమీ ఉండదు కదండీ. అవి పుస్తకం కోసం గీసిన గీతలు.

వైజాగ్ వాలు
గీతలు లేకపోతే ప్లాన్ ఎందుకు, ఇష్టమొచ్చినట్టు తొక్కుకోవచ్చుగా. పేరు సరిగ్గా పెట్టకపోతే పని సరిగ్గా జరగదు. ఇక్కడ సగం మంది టెంపోని త్రెషోల్డ్ అంటారు, స్వీట్ స్పాట్‌ని టెంపో అంటారు.

బ్రెవే బాబాయ్
మా కాలంలో రెండే ఉండేవి. మాట్లాడుతూ తొక్కడం, మాట్లాడలేకుండా తొక్కడం.

చెమటచుక్క
కొలమానం గారూ, ట్రైనర్ మీదే అండీ, నిజాంపేట ట్రాఫిక్‌లో ఇంటర్వెల్స్ ఎక్కడ తొక్కుతాం? టైరు ఆనే రకం, స్మార్ట్ ట్రైనరే. ఎర్గ్ ఆన్‌లోనే ఉంటుంది, అది లేకపోతే వాట్లు కుదురుగా ఉండవు. ఏసీ లేదు, పాప నిద్ర లేస్తుందని తలుపు వేసుకుంటాను. 240 అంటారా, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఎస్.కోట దాటాక అరకు ఘాట్ ఎక్కుతూ 20 నిమిషాల టెస్ట్ చేశాను. సగటు 253 వచ్చింది, దాన్ని 0.95తో గుణిస్తే 240. బావ బండి మీద చేశాను, దానికే పవర్ పెడల్స్ ఉన్నాయి. ఎడమ పెడల్‌కి మాత్రమే సెన్సర్.

ఎదురుగాలి
బావ బండి!

కొలమానం
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే బాబాయ్ బ్రెవే దాకా వెళ్ళేవారు కాదు.

వరసగా చూద్దాం. ఎడమ పెడల్ ఒక్కటే కొలిస్తే ఆ యంత్రం దాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. మీ ఎడమ కాలు కొంచెం బలమైనదైతే అంకె పెరిగిపోతుంది, బలహీనమైతే తగ్గిపోతుంది. మీరు పెరిగిన వైపే ఉన్నారని అనుకుంటున్నాను, రుజువు లేదు. రెండోది, ఘాట్ ఎక్కేటప్పుడు చాలామందికి చదును మీద కన్నా ఎక్కువ వాట్లు వస్తాయి. ఎందుకంటే పెడల్ వదిలేసే చోటే ఉండదు, రోడ్డే మనల్ని తొక్కిస్తుంది. పైగా జనవరిలో అరకు ఘాట్ మీద ఉదయం చలి. మే నెలలో తలుపు మూసిన నిజాంపేట గది ఎక్కడ, అదెక్కడ!

మూడోది, పెడల్ మీ కాలి దగ్గర కొలుస్తుంది, మీ ట్రైనర్ రోలర్ దగ్గర కొలుస్తుంది. మధ్యలో చైన్ ఉంది, టైరు రోలర్ మీద నలుగుతోంది. ఆ నష్టం పోగా మిగిలిందే ట్రైనర్‌కి అందుతుంది. కాబట్టి ట్రైనర్ 254 చూపించాలంటే మీరు పెడల్ దగ్గర అంతకన్నా ఎక్కువ పెట్టాలి. (మైనం చైన్ గారు అడగకుండానే సగం జవాబు చెప్పేశారు, ఆయనకీ తెలియకుండా.) టైరు ఆనే ట్రైనర్లు దీనికి తోడు స్థిరంగా ఉండవు. ప్రతిసారీ టైరులో అదే గాలి, రోలర్ బిగించే నాబ్ అన్నే తిప్పులు, పది నిమిషాలు తొక్కి టైరు వేడెక్కాక స్పిన్‌డౌన్ క్యాలిబ్రేషన్ (వేగం పెంచి వదిలేస్తే చక్రం ఆగే సమయాన్ని బట్టి ట్రైనర్ కొలత సరిచేయడం). ఇవి చేయకపోతే అది చూపించే వాట్లని నమ్మొద్దు.

నాలుగోది ఎర్గ్. 254 అని పెడితే అది ఆ 254నే పట్టుకుని వేలాడుతుంది. మీరు అలసిపోయి కేడెన్స్ (నిమిషానికి పెడల్ తిప్పులు) 90 నుంచి 70కి పడితే, వాట్లు తగ్గకూడదని అది పెడల్‌ని ఇంకా బరువు చేస్తుంది. బరువు పెరిగితే కేడెన్స్ ఇంకా పడుతుంది. మీ "పెడల్ కదలనంటుంది" అదే. కాళ్ళు చచ్చిపోయాయని మీరనుకుంటున్నారు, ఉరి బిగించింది ట్రైనర్.

ఇక వేడి. సైక్లిస్టు శరీరం ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కి చేరేది 20 నుంచి 25 శాతమే. అంటే 200 వాట్లు తొక్కుతుంటే ఇంకో 600 నుంచి 800 వాట్లు వేడి రూపంలో మీ ఒంట్లోంచి బయటికి పోవాలి. రోడ్డు మీద గంటకి 30 కిలోమీటర్ల గాలి ఆ పని చేస్తుంది. గదిలో గాలి ఆడదు, చెమట కారుతుంది గానీ ఆరదు. రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటలో నీళ్ళు పోతాయి, అదే వాట్లకి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. ఎదురుగాలి మొదటి లైన్లోనే అడిగారు.

ఎదురుగాలి
టేబుల్ ఫ్యాన్ కాదు. పెద్ద పెడస్టల్ ఫ్యాన్. ఛాతీ ఎదురుగా. కిటికీ తెరువు.

చెమటచుక్క
మరి 184? అదే నా మాక్సిమం కదా?

వైజాగ్ వాలు
220 మైనస్ వయసు అనేది సగటు. ఒక్కొక్కరికి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. దాన్ని పట్టుకుని జోన్లు కట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీరు 184 తాకి కింద పడకుండా ఇంకో నిమిషం తొక్కారంటే మీ మాక్సిమం అంతకన్నా ఎక్కువే ఉండి ఉంటుంది. కానీ ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం ఉంటే ఇక్కడ అడక్కండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అది వేరే విషయం.

చెమటచుక్క
అలాంటివేం లేవు. కాళ్ళే.

కొత్తపెడల్
నాదీ ఇదే సమస్య అన్నా, నేను కోకాపేటలో ఉంటా. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద చేస్తే సరిపోదా? నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా ఉంది కదా.

బ్రెవే బాబాయ్
ఆదివారం పొద్దున అక్కడ పిల్లలు నాలుగు చక్రాల సైకిళ్ళు తొక్కుతుంటారు, జంటలు సెల్ఫీలు దిగుతుంటారు. తల దించుకుని ఇంటర్వెల్స్ కొట్టే చోటు కాదది. వారం మధ్యలో, చీకటితో వెళ్తే వెళ్ళు. ముందు వెనక లైట్లు పెట్టుకో. బెల్ కూడా. రోడ్ బైక్‌కి బెల్ పెట్టుకుంటే పరువు పోతుందనుకునేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

మైనం చైన్
అక్కడ కప్పు ఉండటం వల్ల వానాకాలంలో చైన్‌కి మంచిది. మైనం వానలో త్వరగా పోతుంది, అదొక్కటే దాని లోపం.

వైజాగ్ వాలు
మళ్ళీ చైన్!

కొలమానం
అసలు విషయానికి వస్తే, 4x8 అంటే ఈ మధ్య అందరూ వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ పేరు చెబుతారు. ఆ బృందం మామూలు క్లబ్ స్థాయి సైక్లిస్టులని గుంపులు చేసి 4x4, 4x8, 4x16 పోల్చి చూసింది, 4x8 చేసినవాళ్ళకే ఎక్కువ లాభం కనబడింది. కానీ వాళ్ళకి ఇన్ని వాట్లు తొక్కండని చెప్పలేదు. నాలుగూ పూర్తయ్యేలా, మీరు నిలబెట్టగలిగినంత గట్టిగా తొక్కండి అన్నారు. అలా తొక్కితే గుండె మాక్సిమంలో 90 శాతం దగ్గర తేలింది. ప్లాన్లు అమ్మేవాళ్ళు దానికి శాతాలు తగిలించారు. త్రెషోల్డా వీఓటూనా అన్న తగువు కూడా అక్కడ పుట్టిందే.

కాబట్టి ఎర్గ్ ఆపేయండి. రెసిస్టెన్స్ మోడ్‌లో పెట్టి గేర్లతో తొక్కండి. మొదటిది "ఇంకా తొక్కగలను" అనిపించేలా ఉండాలి, నాలుగోది చివర్లో మాత్రమే చచ్చేలా ఉండాలి. వాట్లు తర్వాత చూసుకోండి. శాతాలే కావాలంటే అదే ట్రైనర్ మీద, అదే గదిలో, ఫ్యాన్ పెట్టుకుని ర్యాంప్ టెస్ట్ (మెట్టు మెట్టుగా వాట్లు పెంచుకుంటూ ఆగిపోయేదాకా తొక్కడం) చేయండి. ఆఖరి ఒక్క నిమిషం సగటులో 75 శాతం తీసుకోండి. ట్రైనర్‌కి ట్రైనర్ అంకె, రోడ్డుకి రోడ్డు అంకె. బావ అంకె బావకే ఉండనివ్వండి.

వైజాగ్ వాలు
ర్యాంప్ టెస్ట్ స్ప్రింటర్లకి ఎక్కువ చూపిస్తుంది, డీజిల్ ఇంజన్ కాళ్ళకి (ఒకే తీరున చాలాసేపు లాగేవాళ్ళకి) తక్కువ చూపిస్తుంది. 75 అందరికీ సరిపోదు.

కొలమానం
నిజమే. అయినా అరకు ఘాట్ కన్నా నయం.

బ్రెవే బాబాయ్
టైమ్ ట్రయల్ గురించి ఎవరూ చెప్పలేదు. 20 కిలోమీటర్లంటే మీకు 35 నిమిషాల దగ్గర పడుతుంది. మొదటి ఐదు నిమిషాలు అందరూ ఎగిరిపోతారు, పోనివ్వు. ఎదురుగాలిలో (నువ్వు కాదులే) కొంచెం ఎక్కువ పెట్టు, గాలి వెనకనుంచి ఉన్నప్పుడు కొంచెం తగ్గించు. ఆఖరి వారంలో 4x8 లాంటివి పెట్టుకోకు, పొట్టివి రెండు మూడు కొట్టి వదిలెయ్. వాట్లంటే నాకు పడదు గానీ రేసులు నేనూ తొక్కినవాణ్ణే.

వైజాగ్ వాలు
బాబాయ్, ఇన్నాళ్ళూ దాచారేం!

బ్రెవే బాబాయ్
ఎవరడిగారు?

కొత్తపెడల్
ఓఆర్ఎస్ ట్రైనర్ మీద కూడా తాగాలా అన్నా? మామూలు నీళ్ళు చాలవా?

మైనం చైన్
ఓఆర్ఎస్ మాత్రం ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి, చిక్కగా కలపొద్దు. చెమట హ్యాండిల్ కింద ఉండే హెడ్‌సెట్ బోల్టుల మీద కారి తుప్పు పడుతుంది, టవల్ కప్పండి. దీని మీద ఒక పోస్టు రాయాలి అసలు.

చెమటచుక్క
ర్యాంప్ చేశాను. ఆఖరి నిమిషం 282, అంటే 212 వచ్చింది. ఇన్నాళ్ళూ 254 అంటే 120 శాతం తొక్కుతున్నానన్నమాట. నిన్న ఎర్గ్ ఆపి తొక్కితే నాలుగూ అయ్యాయి, సగటు 217. గుండె మాత్రం ఇంకా 180 దాకా పోతోంది, అదేమిటో చూడాలి. అందరికీ థాంక్స్. బావకి చెబితే పెడల్స్ అమ్ముతానంటున్నాడు, తీసుకోవచ్చా?

ఎదురుగాలి
ఫ్యాన్ కొన్నావా?

మైనం చైన్
పెడల్స్ తీసుకుంటే బేరింగుల్లో గ్రీజు చూసుకోండి. ఏ గ్రీజు వాడాలో చెబుతాను, లిథియంది కాదు